సుమ్మాదేవిలో... జీపు అమ్మబడును!

ముందు సగం పచ్చరంగు, వెనక సగం ఎర్రటి రెడాక్సైడు. ఇంజను చేయించారు, అడుగు రేకులు చేయించలేదు. ఆ సంగతి దాచకుండా అట్టముక్క మీద రాసి మరీ అమ్మకానికి పెట్టారు. అమెరికాలో పుట్టి, బొంబాయిలో పెరిగి, ఉద్దానం ఇసుకదారుల్లో ముసలిదైపోయిన ఓ జీపు కథ ఇది. దాంతోపాటే కొబ్బరిచెట్ల నీడన బతికే ఓ సీమ కథ కూడా.

విశాఖ వైపు నుంచి హౌరా వెళ్లే రైలెక్కితే పలాస తర్వాత వచ్చే చిన్న స్టేషను సుమ్మాదేవి. దాని తర్వాతిది మందస రోడ్డు. కోరమాండల్ లాంటి పెద్ద బండ్లు ఈ స్టేషన్ని చూడనట్టే దూసుకుపోతాయి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలు కనపడీ కనపడకముందే ఊరు వెనక్కి వెళ్లిపోతుంది. ఆ కాస్త సమయంలో కనిపించేవి రెండే... ఒకవైపు తూర్పు కనుమల నీలి గీత, మరోవైపు సముద్రందాకా పరుచుకున్న తోటల పచ్చదనం.

అక్కడికి దగ్గర్లోనే ఓ ఇంటి పక్క పాకలో ఉందా జీపు. ముందు అద్దం బోనెట్టు మీదకు వాలిపోయి ఉంటుంది. పైన టాపు లేదు. స్టెప్నీ టైరు పక్కకు తగిలించి ఉంటుంది. పిల్లలకు అది ఆటస్థలం, కోళ్లకు విశ్రాంతి మందిరం! బోనెట్టుకు కట్టిన అట్టముక్క మీద నాలుగే నాలుగు వాక్యాలు. 'జీపు అమ్మబడును. ఇంజను, గేర్లు, బ్రేకులు చేయించాం. అడుగు రేకులు, వైరింగు, వెనక బాడీ చేయించాలి. ఆర్సీ బుక్కు ఉంది.'

పాత బండిని అమ్మేవాళ్లు బాగున్నవాటి గురించే చెబుతారు. బాగోలేనివి కొన్నాక తెలుస్తాయి. ఇక్కడ మూడో వాక్యం కొనేవాణ్ని వెనక్కి పంపేలా ఉంది. అయినా తీసేయలేదు. ఎందుకో తెలియాలంటే ఈ బండి పుట్టుపూర్వోత్తరాల్లోకి వెళ్లాలి.

అక్కడ కండల కార్లు... ఇక్కడ జీపులు

సగం బాగుచేసిన పాత బండిని అమ్మకానికి పెట్టడం అమెరికాలో పెద్ద వింతేం కాదు. అక్కడ ఇంటి ముందు గడ్డిలోనో, షెడ్డులోనో సగం విప్పిన కార్లు చాలానే కనిపిస్తాయి. వాటిల్లో ఎక్కువ మోజు 'మజిల్ కార్ల' మీదే. అంటే కండల కార్లన్నమాట! మధ్యరకం సైజు కారు... అందులో పెద్ద కార్లకు పెట్టే వి-8 ఇంజను. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవోతో ఈ వరస ఊపందుకుంది. దాని ఇంజను దాదాపు ఆరున్నర లీటర్లు, శక్తి 325 హార్స్‌పవర్ పైమాటే. 1970 నాటి షెవ్రోలే షెవెల్ అయితే 450 హార్స్‌పవర్ దాకా వెళ్లింది. కుర్రకారు కొనగలిగే ధర, రోడ్డు అదిరే చప్పుడు... ఇంకేం కావాలి?

ఆ వైభవం పదేళ్లు కూడా నిలవలేదు. బీమా ప్రీమియాలు పెరిగాయి. పొగ మీద ఆంక్షలు వచ్చాయి. 1973లో చమురు సంక్షోభం వచ్చిపడింది. ఇంధనాన్ని తాగేసే బండ్లు ఒక్కసారిగా భారమైపోయాయి. ఏళ్లు గడిచాక ఆనాటి కుర్రాళ్లే చేతిలో కాస్త డబ్బు చేరాక వాటిని వెతికి పట్టుకుని బాగుచేయడం మొదలుపెట్టారు. కొందరు పూర్తి చేశారు. చాలామంది మధ్యలో ఆపేశారు. అలా ఆగిపోయినవే 'సగం పనైన' కార్లుగా చేతులు మారుతుంటాయి.

మన దగ్గర అలాంటి కార్లు అరుదు. అమెరికా బండి అంటే మన పల్లెలకు తెలిసింది జీపే. దాంట్లో కండలేం లేవు. యుద్ధకాలం నాటి జీపు శక్తి 60 హార్స్‌పవర్. జీటీవో ముందు అది బక్కపీచు పిల్లాడే. కానీ జీటీవో ఇసుకలో దిగబడితే లాగడానికి రావాల్సింది ఆ పిల్లాడే!

నలభై తొమ్మిది రోజుల బిడ్డ

రెండో ప్రపంచ యుద్ధం ముదురుతున్న 1940లో అమెరికా సైన్యానికి ఓ చిన్న బండి కావాల్సి వచ్చింది. తేలిగ్గా ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి, ఎక్కడికైనా పోవాలి. నమూనా తయారీకి ఇచ్చిన గడువు 49 రోజులు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బట్లర్ అనే ఊళ్లో ఉన్న బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ గడువులో బండిని చేసి చూపించింది. అయితే ఎక్కువ బండ్లు తయారుచేసే స్తోమత దానికి లేదు. దాంతో పెద్ద ఆర్డర్లు టోలెడోలోని విల్లీస్ ఓవర్‌లాండ్‌కూ, ఫోర్డ్‌కూ వెళ్లాయి. యుద్ధం ముగిసేసరికి ఆ రెండు కంపెనీల నుంచీ ఆరు లక్షలకు పైగా జీపులు బయటికొచ్చాయి.

వాటిలో కొన్ని అస్సాం, బర్మా సరిహద్దులకూ చేరాయి. యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న బండ్లు వేలంపాటల్లో జనానికి దొరికాయి. జమీందార్లు, కాంట్రాక్టర్లు, ఎస్టేటు యజమానులు వాటిని కొనుక్కున్నారు. 'మిలటరీ జీపు' అన్నమాట అలా మన ఊళ్లలో స్థిరపడిపోయింది.

ఇదే సమయంలో బొంబాయిలో మరో కథ నడిచింది. 1945 అక్టోబరు 2న మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి 'మహీంద్రా అండ్ మహమ్మద్' పేరుతో ఉక్కు వ్యాపారం మొదలుపెట్టారు. దేశవిభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్థాన్ వెళ్లి ఆర్థికమంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. 1948లో కంపెనీ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారింది. విల్లీస్ నుంచి విడిభాగాలు తెప్పించి ఇక్కడే జీపులు బిగించడం 1940ల చివర్లో మొదలైంది. క్రమంగా భాగాలు కూడా ఇక్కడే తయారయ్యాయి. అమెరికా బండి అలా మన బండి అయిపోయింది.

సుమ్మాదేవిలో ఉన్నది ఆ కోవలోదే. దాన్ని చూసినవాళ్లు 'యుద్ధంలో వాడిన బండి' అని మురిసిపోతారు గానీ, కాదు. బోనెట్టు చూస్తే తెలిసిపోతుంది. యుద్ధకాలం జీపుకు బోనెట్టు కిందికి ఉంటుంది. దీనికి పెట్టెలా ఎత్తుగా ఉంటుంది. కారణం ఇంజనే. లోపలికి గాలి పంపే వాల్వులను ఇంజను పైభాగంలోకి మార్చడంతో ఇంజను ఎత్తు పెరిగింది, దాని కోసం బోనెట్టునూ పెంచాల్సి వచ్చింది. దీని పేరు సీజే-3బి. అమెరికాలో 1953 నుంచి 1968 దాకా తయారైంది. మన దేశంలో అదే రూపం ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు రోడ్ల మీద కొనసాగింది.

ఆ మాట కూడా బేరానికి వచ్చినవాళ్లకు ముందే చెప్పేస్తున్నారు. యుద్ధపు జీపని చెబితే ధర పెరుగుతుందని తెలిసినా సరే!

రిపేరు పేరుతో మోసం

'బాగుచేసిన జీపు' అన్నమాటకు మన దేశంలో ఓ చేదు చరిత్ర ఉంది. స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో కశ్మీర్ యుద్ధం జరుగుతోంది. సైన్యానికి అర్జెంటుగా జీపులు కావాలి. 1948లో లండన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్న వి.కె.కృష్ణమేనన్ పాత జీపులను బాగుచేయించి పంపేలా ఓ విదేశీ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. దాని విలువ సుమారు 80 లక్షల రూపాయలు. ఆనాటి లెక్కలో అది భారీ మొత్తం. సొమ్ములో చాలాభాగం ముందే చెల్లించారు. చివరికి వచ్చినవి 155 జీపులు. అవీ సైన్యానికి పనికొచ్చే స్థితిలో లేవు.

పార్లమెంటులో గొడవ జరిగింది. 'జీపుల కుంభకోణం' అన్న పేరు పడింది. స్వతంత్ర భారతంలో తొలి కుంభకోణంగా దాన్ని చెబుతారు. 1955 సెప్టెంబరు 30న ప్రభుత్వం ఆ కేసును మూసేసినట్టు ప్రకటించింది. తర్వాత కృష్ణమేనన్ కేంద్రమంత్రి కూడా అయ్యారు.

దేశానికైనా ఇంటికైనా నీతి ఒకటే. పాత బండి కొనడం తప్పు కాదు. సగం బాగైన బండి కొనడమూ తప్పు కాదు. ఏది బాగైందో ఏది బాగవలేదో తెలియకుండా కొనడంతోనే వస్తుంది తంటా. రేకు మీద పుట్టీ పెట్టి, పైన రంగు కొడితే తుప్పు కనిపించదు. రెండు వర్షాకాలాలు గడిస్తే మాత్రం దాగదు.

ఇసుకదారి... కొండదారి

ఇంతకీ ఇలాంటి జీపు ఇక్కడేం చేసింది? అది తెలియాలంటే ఓసారి ఉద్దానం తిరిగి రావాలి.

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం... శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన ఉన్న ఈ మండలాలనే ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్నమాటే ఉద్దానం అయిందని చెబుతారు. చూస్తే నిజమేననిపిస్తుంది. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ... ఒకదాని నీడలో ఒకటి. ఎండ నేల మీద పడాలంటే ఆకుల అనుమతి తీసుకోవాల్సిందే.

పలాస-కాశీబుగ్గ జంట పట్టణాల్లో అడుగుపెడితే జీడిపప్పు వాసన స్వాగతం పలుకుతుంది. కాల్చిన పిక్కలను పగలగొట్టి, పొర తీసి, ముక్కాచెక్కా వేరుచేసి, గుళ్లను డబ్బాలకెత్తే పనిలో వేలమంది ఆడవాళ్లు ఉంటారు. తోటల నుంచి పిక్కల బస్తాలు షెడ్లకు చేరాలి. నాలుగు వరసల జాతీయ రహదారి మీద లారీలు పరుగెడతాయి సరే. కానీ తోటలోంచి రోడ్డెక్కేదాకా దారి ఇసుక. అక్కడే జీపు అవసరం పడింది. గేరు రాడ్డు పక్కన ఉండే రెండు చిన్న రాడ్లలో ఒకటి ముందు చక్రాలను కూడా లాగిస్తుంది, రెండోది బండిని నిదానం చేసి బలం పెంచుతుంది. ఆ రెండూ తెలిస్తే ఇసుక ఓ లెక్క కాదు.

సుమ్మాదేవి నుంచి ఉత్తరంగా సాగితే మందస. ఇక్కడి వాసుదేవ పెరుమాళ్ ఆలయం ఎంత ప్రసిద్ధమో, మందస కోవా అంత ప్రసిద్ధం. గుడికి వెళ్లొచ్చినవాళ్ల చేతిలో ప్రసాదంతోపాటు కోవా పొట్లమూ ఉంటుంది. మందస వెనక నుంచే కొండలు లేస్తాయి. ఒడిశా వైపున 1501 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి. పరశురాముడు తపస్సు చేసిన చోటని నమ్మకం. శిఖరం మీద పాండవుల పేర్లతో పాత రాతి గుళ్లున్నాయి. కొండ దిగువ సవర గూడేలకు సరైన రోడ్లు లేని రోజుల్లో సంతకు వెళ్లాలన్నా, రోగిని ఆసుపత్రికి తేవాలన్నా దిక్కు కాలినడకో, లేదంటే జీపో.

తూర్పుగా తిరిగితే సముద్రం. వజ్రపుకొత్తూరు మండలంలో అక్కుపల్లి తీరం, మత్స్యకారుల నువ్వలరేవు. నువ్వలరేవులో ఏళ్ల తరబడి వస్తున్న ఆచారం సామూహిక వివాహాలు. ఒకే ముహూర్తానికి ఊళ్లోని జంటలన్నీ పెళ్లిపీటలెక్కుతాయి. ఇంకా ఉత్తరాన బారువ. మహేంద్రతనయ నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, ఇప్పుడు సాయంత్రాలు కుటుంబాలు చేరే బీచి. చలికాలం చివర్లో ఈ తీరాల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

సుమ్మాదేవి జీపు ఈ మూడు దారులూ ఎరుగును. ఓ ప్రభుత్వ శాఖ పక్కనపెట్టేసిన బండిని ఇంటి పెద్దాయన వేలంపాటలో కొన్నారు. పగలు పిక్కల బస్తాలు, పెళ్లిళ్ల రోజుల్లో పెళ్లికూతురు, ఎన్నికలొస్తే మైకులు. అర్ధరాత్రి తలుపు తట్టి ''బావూ, ఓపాలి పలాస ఆసుపత్రికి తీసుకెళ్లవా'' అని అడిగితే పురిటినొప్పుల ఆడమనిషి. డ్రైవరు సీటు కిందే పెట్రోలు ట్యాంకు ఉంటుంది. సీటెత్తి కర్రపుల్ల ముంచి చూసి, ఎంతుందో తెలుసుకుని బయల్దేరడమే.

ఉప్పుగాలి లెక్కలు

ఇంత సేవ చేసిన బండిని తినేసింది రోడ్లు కాదు, గాలి. సముద్రం దగ్గర గాలిలో ఉప్పు ఉంటుంది. ఇనుము మీద అది పొరలా చేరి తేమను పట్టి ఉంచుతుంది. రంగు ఎక్కడ గీసుకుపోతే అక్కడ తుప్పు మొదలు. జీపులో ముందుగా పోయేవి అడుగు రేకులే. బురద, ఇసుక కింద పేరుకుంటాయి. పైనుంచి వాన పడుతుంది. పట్టీల సందుల్లో నీరు నిలిచిపోతుంది. పైకి బాగానే కనిపించే రేకు కాలు పెడితే అప్పడంలా విరుగుతుంది.

దానికి తోడు 2018 అక్టోబరు 11. ఉద్దానంలో ఆ తేదీ చెబితే మరేమీ చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు మొదళ్లతో సహా కూలిపోయి ఉన్నాయి. జీడితోటలు నేలకొరిగాయి. తాతలు నాటిన చెట్లు మనవళ్ల కళ్ల ముందు ఒక్క రాత్రిలో కట్టెలైపోయాయి.

జీపున్న పాక కూడా అప్పుడే కూలింది. చాలారోజులు దాని మీద కమ్మలే కప్పుకుని ఉందా బండి. ఇల్లు, బోరు, తోట... వీటి తర్వాతే కదా జీపు! 2020 లాక్‌డౌన్‌లో విశాఖలో వెల్డింగు పనిచేసే మనవడు ఇంటికి వచ్చి నెలల తరబడి ఉండిపోయాడు. చేతిలో పని లేదు, చేతికి మాత్రం పనితనం ఉంది. జీపును విప్పడం మొదలుపెట్టాడు. పనులు తెరుచుకుని విశాఖ తిరిగి వెళ్లాక కూడా సెలవులకు వచ్చినప్పుడల్లా కొంత కొంత చేశాడు. పిస్టన్ రింగులు మార్పించాడు, బ్రేకు డ్రమ్ములు చేయించాడు, ముందు భాగానికి రంగేశాడు.

తర్వాత ఆగిపోయింది. కారణం ఉద్దానంలో చాలా ఇళ్లకు తెలిసిందే... కిడ్నీ జబ్బు. షుగరూ బీపీ లేకపోయినా కష్టజీవులకు కిడ్నీలు పాడవడం ఈ ప్రాంతాన్ని ఎన్నో ఏళ్లుగా పీడిస్తోంది. ఎంతమంది నిపుణులు వచ్చి పరిశీలించినా ఇదీ కారణమని ఒక్కదాన్నే తేల్చలేకపోయారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని హిరమండలం నుంచి గొట్టాల ద్వారా ఊళ్లకు తెచ్చే పథకమూ వచ్చింది. డయాలసిస్ కోసం విశాఖ దాకా పోయే బాధ చాలామందికి తగ్గింది. అయినా వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లే మనిషి ఇంట్లో ఉంటే ఆయనతోపాటు ఇంకొకరి పనీ పోతుంది. పాకలోని జీపు ఆ ఇంట్లో ఎవరి కోసం అమ్మకానికి వచ్చిందో వేరే చెప్పాలా?

ముగ్గురు కొనుగోలుదారులు

ఇలాంటి బండికి మూడు రకాల బేరగాళ్లు వస్తారు.

మొదటివాడు పాత ఇనుము వ్యాపారి. అతనికి చరిత్రతో పనిలేదు, కాటాతో పని. తూకానికి లెక్కగట్టి చేతిలో డబ్బు పెడతాడు. ఆ రోజే ఆక్సిజన్ గ్యాసుతో కోసేస్తాడు.

రెండోవాడు నగరం కుర్రాడు. వెడల్పాటి టైర్లు, ఎత్తు పెంచిన స్ప్రింగులు, వరసగా లైట్లు, పెద్ద మ్యూజిక్ సిస్టమ్... జీపు రూపమే కావాలి, జీపు అక్కర్లేదు. చాలామంది పాత పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను పెట్టిస్తారు. అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు. రవాణాశాఖ అనుమతి, ఆర్సీలో నమోదు తప్పనిసరి.

మూడోవాడు పాత బండ్ల ప్రేమికుడు. అతను ముందు చూసేది నంబర్లు. ఛాసిస్ మీద, ఇంజను మీద ఉన్న అంకెలు ఆర్సీతో కలవాలి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్తగా తీసుకోవడానికి ఫీజు 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. తర్వాత పొడిగింపునకు 5 వేలు. అయితే ఓ మెలిక ఉంది. ఆ నంబరున్న బండిని రోజువారీ అవసరాలకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు మాత్రమే!

అంటే ఒకరు కొంటే బండి ముక్కలవుతుంది. ఒకరు కొంటే వేషం మార్చుకుంటుంది. మరొకరు కొంటే అద్దంలా మెరుస్తూ ఇంట్లో కూర్చుంటుంది. పిక్కల బస్తా మోయడానికి, రోగిని తీసుకెళ్లడానికి కొనేవాళ్లు దాదాపు లేరు. రోడ్లు వచ్చాయి, ఆటోలు వచ్చాయి, 108 వచ్చింది. జీపు అవసరం తీరిపోవడం ఒకరకంగా ఊరికి మంచి కబురే.

ఆ ఇంటివాళ్ల కోరిక చిన్నది. తూకానికి మాత్రం పోకూడదు. ఎవరు కొన్నా సరే, స్టార్టు చేసుకుని నడుపుకుంటూ తీసుకెళ్లాలి. అందుకే అడుగు రేకుల సంగతి అట్ట మీద రాశారు. రేపు అది విరిగితే కొన్నవాడు తిట్టుకుంటూ ఇనుము దుకాణానికే తోలేస్తాడు. ముందే తెలిసి కొన్నవాడు రేకు మార్పించుకుంటాడు. నిజం చెబితే ధర తగ్గొచ్చు గానీ బండి ఆయుష్షు పెరుగుతుంది.

కొనాలనుకుంటే...

* జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. రేకు మీద అతుక్కోని చోట రంగు కింద ఉన్నది ఇనుము కాదు, పుట్టీ!

* ఛాసిస్‌ను చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది మూగగా పలుకుతుంది.

* ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోందని అర్థం. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే లోపలికి నీరు దిగుతోందేమో చూపించండి.

* నిలబెట్టి స్టీరింగు అటూ ఇటూ తిప్పండి. చక్రం కదలకుండా స్టీరింగు మాత్రమే ఎక్కువ ఆడితే కింది జాయింట్లు అరిగినట్టే.

* సొంత బండికి 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఒక్కో పొడిగింపు ఐదేళ్లు. అది ఉందో లేదో ఆర్సీలో చూడండి. శ్రీకాకుళం జిల్లా పాత బండ్లకు ఏపీ-30తో మొదలయ్యే నంబర్లుంటాయి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ-39 వరస వచ్చింది.

* విడిభాగాలకు భయపడక్కర్లేదు. ఇదే రూపంలో బండ్లు దశాబ్దాలపాటు తయారవడంతో పాత జీపుల సామాన్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

తిరిగి అమెరికాకు!

కొసమెరుపు ఒకటుంది. అమెరికా నుంచి నేర్చుకున్న ఈ బండి రూపాన్ని మహీంద్రా కంపెనీ 2018లో 'రాక్సర్' పేరుతో మళ్లీ అమెరికాలోనే అమ్మకానికి పెట్టింది. తయారీ ఎక్కడో తెలుసా? కండల కార్లకు పుట్టినిల్లయిన డెట్రాయిట్ పక్కనే, ఆబర్న్ హిల్స్‌లో! అసలు జీపు హక్కులున్న కంపెనీ ఊరుకుంటుందా? మా బండిలాగే ఉందంటూ కేసు వేసింది. మహీంద్రా ముందు భాగం రూపం మార్చుకోవాల్సి వచ్చింది. పుట్టింటికి వెళ్లిన ఆడపడుచును గుమ్మంలో నిలబెట్టి ఆధార్ కార్డు అడిగినట్టయింది!

ఇక్కడ ఉద్దానంలో మాత్రం ఆ పేచీలేవీ లేవు. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరిమొక్కలు ఎదుగుతున్నాయి. పొడుగు రకం కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. కొన్ని తోటల్లో ఇప్పుడిప్పుడే గెలలు కనిపిస్తున్నాయి. వాటి పక్కనే ఖాళీ జాగాలూ ఉన్నాయి. ఈ సీమ కూడా సగం కోలుకుంది, సగం కోలుకోవాలి. ఆ మాట చెప్పుకోవడానికి ఇక్కడెవరూ సిగ్గుపడరు. ఎంతైందో, ఎంత కావాలో లెక్క తెలిసినవాళ్లే మిగతా పని పూర్తిచేయగలరు మరి!

ఎలా వెళ్లాలంటే...

విశాఖపట్నం నుంచి పలాసకు రైల్లో సుమారు 200 కిలోమీటర్లు. చాలా ఎక్స్‌ప్రెస్‌లు పలాసలో ఆగుతాయి. రోడ్డు మీద వచ్చేవాళ్లకు శ్రీకాకుళం, టెక్కలి మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి ఉంది. ఒకప్పుడు అందరూ 5వ నంబరు రోడ్డు అన్నది దీన్నే. పలాస-కాశీబుగ్గలో బస చేసి మందస ఆలయం, అక్కుపల్లి, బారువ తీరాలు రెండు రోజుల్లో చూసిరావచ్చు. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో శీతాకాలమంతా విదేశీ పక్షుల సందడి. వచ్చేటప్పుడు పలాస జీడిపప్పు, మందస కోవా మర్చిపోకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అక్టోబరులో బయల్దేరేవాళ్లు మాత్రం ముందు వాతావరణ వార్తలు వినాలి!